పదిమందిలో ఒకడు



ఈ నెల ఒక మాటను విడగొట్టి చూద్దాం. పంతులుకు పింఛను వచ్చినా మాటలు విడగొట్టే అలవాటు పోదు గదా! “కృతజ్ఞత అంటే ఏమిటి?” అని తరగతిలో అడిగితే, “థాంక్స్ చెప్పటమండీ” అని అందరూ ఒక్కసారే అరుస్తారు. కాని మాటలో ఆ అర్థం లేదు. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే తెలిసినవాడు. మనకోసం ఎవరు ఏమి చేశారో తెలిసి ఉండటమే కృతజ్ఞత. చెప్పటం తరవాతి సంగతి, ముందు తెలియాలి. తెలియాలంటే అడగాలి, వెతకాలి. అంటే ఇది సైన్సు పాఠం వంటిదే!

మా నవీపేట్‌లో రైలెక్కి జానకంపేట, నిజామాబాదు దాటి సికిందరాబాదు వైపు పోతే డిచ్‌పల్లి వస్తుంది. ఈ నెల మనం వెతకబోయేది అక్కడి ఆస్పత్రి సంగతి. అయితే దానికి ముందు ఒక పాత కథ చెప్పాలి. ఎందుకంటే ఆ ఆస్పత్రి పెట్టినవాళ్లు ఆ కథ విని పెరిగినవాళ్లు.

అది క్రైస్తవుల గ్రంథంలో, లూకా రాసిన సువార్తలో ఉన్నది. కుష్ఠువ్యాధి సోకిన పదిమంది ఊరి బయట ఉంటున్నారు. అప్పటి కట్టుబాటు ప్రకారం వాళ్లు ఎవరి దగ్గరికీ రాకూడదు. అందుచేత యేసు ఆ దారిన పోతూంటే దూరాన నిలబడి, తమమీద జాలి చూపమని కేకవేశారు. ఆయన వాళ్లను పూజారుల దగ్గరికి వెళ్లి ఒళ్లు చూపించుకోమన్నాడు. రోగం పోయిందని పూజారి చెబితేగాని ఊళ్లోకి రానిచ్చేవారు కారు, మన డాక్టరు సర్టిఫికెట్టు వంటిదన్నమాట. వాళ్లు బయలుదేరారు. దారిలోనే నయమైపోయింది! పదిమందిలో ఒక్కడు మాత్రం వెనక్కి తిరిగి వచ్చి ఆయన కాళ్లమీద పడ్డాడు. అతను సమరయుడు. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకునేవారు కారు. తక్కిన తొమ్మిదిమందీ ఏమైనారని యేసు అడిగాడు.

ఈ కథ చెప్పి చాలామంది పెద్దలు ఆ తొమ్మిదిమందినీ తిట్టిపోస్తారు. నాకు మాత్రం తిట్టబుద్ధి కాదు. ఏళ్ల తరబడి తల్లి చేతి ముద్ద ఎరగనివాడు ముందు ఇంటికే పరుగెత్తుతాడు గదా! మీరు చూడవలసినది మరొకటి ఉన్నది. ఆ తొమ్మిదిమందికీ రోగం మళ్లీ వచ్చినట్టు కథలో లేదు. దండం పెట్టలేదని ఇచ్చినది వెనక్కి పుచ్చుకోలేదు. మన బోధన్ వైపు చెరుకు రైతులకు అప్పు సంగతి బాగా తెలుసు. అప్పుకు కాగితం ఉంటుంది, వడ్డీ ఉంటుంది, గడువు ఉంటుంది. ఈ ఇచ్చినదానికి అవేమీ లేవు. మరి దాన్ని తీర్చటం ఎట్లా? తీర్చటం కుదరదు. ఇంకొకరికి ఇవ్వటం ఒక్కటే కుదురుతుంది.

ఇక డిచ్‌పల్లికి పోదాం.

1907లో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త జార్జి కెర్ అనే పాదిరీ హైదరాబాదు రాజ్యానికి వచ్చారు. ఆమెది స్కాట్లండు దేశం. ఒక రైతు కూతురు. 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యంలో పట్టా పుచ్చుకున్నది. ఇందులో ఏమున్నది అనుకోకండి. స్కాట్లండులో విశ్వవిద్యాలయాలు ఆడవాళ్లకు పట్టాలిచ్చేందుకు తలుపులు తెరిచినది 1892లోనే. అంతకు ముందు, 1869లో, సోఫియా జెక్స్-బ్లేక్ అనే ఆమె, తోటి ఆడపిల్లలు కొందరు ఎడింబరోలో వైద్యం చదవటానికి చేరితే, వాళ్లను పరీక్షకు పోనీయకుండా అల్లరిమూక అడ్డం నిలిచింది, బురద చల్లింది. వాళ్లు చదివారు కాని ఆ విశ్వవిద్యాలయం వాళ్లకు పట్టాలివ్వలేదు. బురద వాళ్లమీద పడింది, పట్టా తరవాతివాళ్లకు వచ్చింది. మన వైపు వచ్చిన డాక్టరమ్మ తన పెట్టెలో తెచ్చుకున్న పట్టా ఇట్లా వచ్చినదే.

నిజామాబాదులో ఆమెకు కుష్ఠువ్యాధివాళ్లు చాలామంది కనిపించారు. ఊళ్లోకి రానివ్వరు, బావి తాకనివ్వరు, ఆస్పత్రిలో మంచం ఇవ్వరు. 1911లో కెర్ దంపతులు వాళ్లకోసం నిజామాబాదులో ఒక చిన్న వసతి ఏర్పాటు చేశారు. కొద్దికాలంలోనే అది చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ అనే నిజామాబాదు ధనవంతుడు పెద్ద మొత్తం విరాళం ఇచ్చాడు. ఆయన హిందువు. నడపబోయేది క్రైస్తవ మిషను. చికిత్సకు వచ్చేవాళ్లు అన్ని మతాలవాళ్లూ. సమరయుడూ యూదుడూ అన్న భేదం చూడని పని ఇట్లా మొదలైంది! 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆస్పత్రి తెరిచారు.

ఇంతకూ ఈ జబ్బు ఏమిటి? అది శాపమూ కాదు, పాపమూ కాదు. దానికి కారణమైన సూక్ష్మజీవిని 1873లో నార్వే దేశంలో హాన్సెన్ అనే డాక్టరు కనిపెట్టాడు. అది మహా మందకొడి. కలరా సూక్ష్మజీవి గంటలోపలే రెండవుతుంది, దీనికి సుమారు రెండు వారాలు కావాలి! అందుకే జబ్బు బయటపడటానికి ఏళ్లు పడుతుంది. పైగా నూటికి తొంభైమందికి పైగా మనుషుల ఒంట్లో దాన్ని తట్టుకునే శక్తి సహజంగానే ఉన్నది. వేళ్లు ఊడి రాలిపోతాయని మీరు వినే ఉంటారు. అది నిజం కాదు. సూక్ష్మజీవి నరాలను చెరుపుతుంది. నరం చెడితే నొప్పి తెలియదు. పొయ్యి మీది గిన్నెను వట్టిచేత్తో దించినా చురుక్కుమనదు. ముల్లు దిగినా తెలియదు. పుండు పడుతుంది, దాన్ని పట్టించుకోడు, అది ముదిరి వేళ్లను తినేస్తుంది. నొప్పి మనకు ఇచ్చిన వరాలలో ఒకటని ఎవరైనా ఎప్పుడైనా అనుకుంటారా?

డిచ్‌పల్లిలో 1920 తరవాతి సంవత్సరాలలో ఒక నూనెను సూదిమందుగా ఇచ్చేవారు. అది చాల్‌మూగ్రా జాతి చెట్ల గింజల నూనె. ఈ జాతి చెట్లు మన పడమటి కనుమల అడవులలోనూ, బర్మా వైపునా పెరుగుతాయి. సుశ్రుతుడి ఆయుర్వేదంలో తువరకం అని చెప్పినది ఈ జాతి చెట్టునే అంటారు. కాబట్టి దూరదేశపు డాక్టరమ్మ మనకు ఇచ్చిన మందు మన అడవిదే!

అయితే నూనెను మింగితే కడుపులో తిప్పి వాంతి అవుతుంది. సూదితో ఎక్కిద్దామంటే నూనె నీళ్లలో కలవదు గదా, చర్మం కింద గడ్డ కట్టి బాధ పెడుతుంది. ఈ చిక్కును 1915 ప్రాంతంలో, పసిఫిక్ సముద్రం మధ్యనున్న హవాయి దీవుల్లో, ఆలిస్ బాల్ అనే నీగ్రోజాతి అమెరికా అమ్మాయి విప్పింది. నూనెలోని ఆమ్లాలను వేరుచేసి, ఒంట్లో ఇంకిపోయే రూపంలోకి మార్చింది. 1916 డిసెంబరు 31న ఆమె చనిపోయింది. అప్పటికి ఆమెకు ఇరవైనాలుగేళ్లు. ఆమె పని పూర్తి చేసిన పెద్దాయన, ఆ కాలేజీ అధ్యక్షుడు, ఆమె పేరు చెప్పకుండా దాన్ని అచ్చు వేయించుకున్నాడు. 1922లో ఒక డాక్టరు ఆమె పేరు బయటపెట్టినా లోకం చెవినబెట్టలేదు. ఆ విశ్వవిద్యాలయం తన ఆవరణలోని చాల్‌మూగ్రా చెట్టు కింద ఆమె పేరుతో ఒక ఫలకం పెట్టినది 2000 సంవత్సరంలో! ఎంతమంది ఆ సూదిమందు పుచ్చుకొని లేచి నడిచారో! వాళ్లకు ఆమె పేరే తెలియదు. తెలియనివాళ్లను ఏమీ అనలేం. తెలిసి దాచినవాడి సంగతి మాత్రం తొమ్మిదిమంది కంటె అన్యాయం అని నేను అంటాను.

ఇక్కడ మీలో ఎవరైనా ఒక ప్రశ్న వేయవచ్చు. “కుడిచెయ్యి చేసే దానం ఎడమచేతికి తెలియకూడదని యేసే చెప్పాడు గదండీ? మరి పేర్లు వెతకటం దేనికి?” మంచి ప్రశ్న. ఆ మాట ఇచ్చేవాడికి చెప్పినది, పుచ్చుకున్నవాడికి కాదు. కొన్ని బళ్లలో పంకా రెక్కల మీద దాత పేరు ఎర్రరంగుతో రాయిస్తారు, చూశారా? పంకా తిరుగుతున్నంతసేపూ ఎవరికీ కనిపించదు. కరెంటు పోయినప్పుడు చెమట తుడుచుకుంటూ చదువుకోవచ్చు! అట్లా రాయించుకోవటం ఇచ్చేవాడికి శోభ కాదు. కాని ఆ పంకా ఎవరిచ్చారని పిల్లవాడు తనంతట తాను అడిగితే, అది వాడికి శోభ.

చాల్‌మూగ్రా నూనెతో అందరికీ నయం కాలేదు. అంతకంటె మంచి మందు కావలసివచ్చింది. ఆ కథలోనూ డిచ్‌పల్లి ఉన్నది. జాన్ లో అనే డాక్టరు డిచ్‌పల్లి ఆస్పత్రిలో పనిచేసి, తరవాత కలకత్తాలో పరిశోధన చేసి, ఆపైన ఆఫ్రికాలోని నైజీరియాకు వెళ్లాడు. డాప్సోన్ అనే మందును బిళ్లగా, కొద్ది మోతాదులో మింగిస్తే చాలునని 1940ల చివర అక్కడ చూపించినవాళ్లలో ఆయన ఒకడు. చౌక మందు, సూది అక్కరలేదు. డిచ్‌పల్లి రోగుల దగ్గర నేర్చుకున్నది నైజీరియాకు పోయింది. నైజీరియా రోగులు నేర్పినది బిళ్లల రూపంలో మన ఊళ్లకు తిరిగివచ్చింది. ఇందులో ఎవరు ఎవరికి బాకీ? నాకు లెక్క తేలటం లేదు, మీ లెక్కల పంతులుగారిని అడిగి చూడండి.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డాప్సోన్‌తో పాటు రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్ అనే మందులను కలిపి ఇవ్వాలని చెప్పింది. ఆరునెలలో, ఏడాదో వాడితే జబ్బు నయమవుతుంది. మొదటి మోతాదులు పడగానే అంటుకునే భయం దాదాపు పోతుంది. సర్కారు దవాఖానాల్లో ఈ మందులు ఊరికే ఇస్తారు.

పెద్దలకు కూడా ఒక మాట. ఇంత జరిగినా ఇప్పటికీ మన దేశంలో ఏటా లక్షమంది దాకా కొత్తగా ఈ జబ్బు బయటపడుతున్నది. వాళ్లలో పిల్లలూ ఉంటారు. పిల్లవాడి ఒంటిమీద తెల్లబారిన మచ్చగాని, ఎర్రబారిన మచ్చగాని ఉండి, అక్కడ గిచ్చినా తెలియటం లేదంటే దాచకండి. పెళ్లి సంబంధాలు చెడతాయేమోనని దాచిపెట్టి, చేతులు వంకరపోయాక తెచ్చేవాళ్లున్నారు. ముందే తెస్తే చేతులు చేతులుగానే ఉంటాయి. ఈ జబ్బు ఉన్నదన్న కారణంతో విడాకులు పుచ్చుకునే వీలు మన వివాహ చట్టాలలో 2019 దాకా ఉండేది. ఆ యేడు పార్లమెంటు దాన్ని తీసివేసింది. చట్టంలో పోయినది ఇళ్లల్లో పోవాలంటే మీరు ఆ పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. పిల్లలూ, మీరూ అంతే. ఆ జబ్బు పేరును బళ్లో తిట్టుగా వాడటం నేను చాలాసార్లు విన్నాను. తిట్టుకోవాలంటే తెలుగులో వేరే మాటలు లేకనా?

ఇక ఈ నెల పని. మీ ఇంట్లోనో, బళ్లోనో, ఊళ్లోనో మీరు రోజూ వాడుకునే ఒక వస్తువును ఎన్నుకోండి. బల్ల కావచ్చు, చేతిపంపు కావచ్చు, టీకా కావచ్చు, బడి నిలబడిన స్థలమే కావచ్చు. అది మీదాకా ఎవరి చేతులమీదుగా వచ్చిందో అడిగి తెలుసుకొని, ఒక కార్డు ముక్కమీద నాకు రాయండి. తాతయ్యలను, నానమ్మలను, పంచాయతీ ఆఫీసులో పాత గుమాస్తాలను అడగండి. జవాబు దొరకకపోతే దొరకలేదనే రాయండి. కాని ఎవరెవరిని అడిగారో మాత్రం తప్పక రాయాలి.