ఓడ కన్నా సైకిలే వేగం

సింగపూర్ ఈస్ట్ కోస్ట్ పార్కులో సైకిల్ బాట మీద గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. లంగరేసిన ఓడల వరసకు ఆవల, సింగపూర్ జలసంధి లోతు మార్గంలో వెళ్లే భారీ చమురు ఓడలకు పెట్టిన హద్దు 12 నాట్స్, అంటే గంటకు 22 కిలోమీటర్లు. వేగం ఒక్కటే చూస్తే సైకిల్ తొక్కే కుర్రాడిదే పైచేయి.

అయితే బ్రేకు నొక్కితే కుర్రాడు కొద్ది మీటర్లలో ఆగుతాడు. మూడు లక్షల టన్నుల ఓడ మాత్రం ఇంజన్ వెనక్కి తిప్పినా కొన్ని కిలోమీటర్లు పోయాక గానీ ఆగదు. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం అని హైస్కూల్లో బట్టీపట్టిన సూత్రానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు. సైకిల్‌తో కలిపి కుర్రాడు 90 కిలోలనుకుంటే ఓడ ద్రవ్యవేగం అతని కన్నా దాదాపు 30 లక్షల రెట్లు. లంగరేసినవాటికి మాత్రం, ఎంత పెద్దవైనా, సున్నా. పిల్లలు తడబడేది ఇక్కడే.

ద్రవ్యవేగాన్ని సున్నా చేయాలంటే బలమూ కావాలి, సమయమూ కావాలి. బలం చాలనప్పుడు సమయం పెంచుకోవాలి కాబట్టే పైలట్ చాలా ముందుగా ఇంజన్ తగ్గిస్తాడు. సమయం దొరక్కపోతే ఆ లోటును బలమే పూడుస్తుంది, ఇనుము చీలుతుంది. 2017 ఆగస్టు 21న జలసంధి తూర్పు మొగలో అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెక్‌కెయిన్, ఆల్నిక్ ట్యాంకర్ ఢీకొన్నాయి. 10 మంది నావికులు చనిపోయారు.

ఒడ్డు మీద ఫుట్‌పాత్‌లదీ ఇదే లెక్క. ఢీకొన్న ఇద్దరి ద్రవ్యవేగంలో మార్పు సమానమే, కానీ తేలికైన మనిషి వేగం ఎక్కువగా మారుతుంది. అందుకే దెబ్బ ఈ-స్కూటర్ నడిపేవాడి కన్నా ఎదురుగా వస్తున్న ముసలమ్మకే గట్టిగా తగులుతుంది. సింగపూర్ చట్టం ఈ గుణకారంలోని రెండంకెలనూ పట్టుకుంది. బండి బరువు 20 కిలోలు మించకూడదంది. ఫుట్‌పాత్ వేగాన్ని 2019 ఫిబ్రవరిలో 15 నుంచి 10 కిలోమీటర్లకు దించింది. అదీ చాలక నవంబరు 5 నుంచి ఈ-స్కూటర్లను ఫుట్‌పాత్ ఎక్కనివ్వలేదు. ఎక్కిన మనిషి బరువుకు మాత్రం హద్దు పెట్టలేదు. గుణకారంలో పెద్ద అంకె అదే, కానీ దాన్ని ముట్టుకునే ధైర్యం ఏ ప్రభుత్వానికుంటుంది?