గరికకు గరికతోనే పరీక్ష

వినాయకుడికి భక్తితో సమర్పించే గరిక, పూతకొచ్చినప్పుడు కొందరికి తుమ్ములు, కళ్ల దురద, ఆయాసం తెస్తుంది. దాని పుప్పొడిలోని ప్రధాన కారకం సిన్ డి 1 అనే ప్రొటీన్. అలర్జీ ఉన్నవారి ఐజీఈ యాంటీబాడీలు ఆ ప్రొటీన్ ఉపరితలంపై కొన్ని భాగాలనే గుర్తుపట్టి పట్టుకుంటాయి. అలర్జీ చర్యను మొదలుపెట్టే మాస్ట్ కణం మీద పక్కపక్కనున్న ఐజీఈలను ఒకే ప్రొటీన్ జత కలిపితే, ఈ లక్షణాలను తెచ్చే హిస్టమిన్ అనే రసాయనం బయటపడుతుంది.

యూరప్‌లో అలర్జీ పరీక్షలకు విరివిగా వాడే తిమోతి గడ్డి పుప్పొడిలో, పోలికలను బట్టి విభజించిన ప్రొటీన్ వర్గాల్లో అయిదోది కీలకం. గరికలో అది లేనేలేదు. సిన్ డి 1 చెందిన మొదటి వర్గంలో పోలికలున్నా, ఆ రెండు గడ్డుల ప్రొటీన్లూ ఒకటి కావు. తిమోతి సారంతోనే పరీక్షించి, గరిక బాధితుడికి అలర్జీ లేదని తేల్చడం అన్యాయం. మన ఆస్పత్రులు ఇక్కడి గడ్డి పుప్పొడి సారాలనే వాడాలి. వాటి నాణ్యతకు ప్రమాణాలు నిర్ణయించే బాధ్యత ప్రభుత్వానిదే.