కొత్త కారు కొంటున్నారా? సన్‌రూఫ్ సంగతి తర్వాత.. మార్కాపురం వాళ్లు ముందు అడగాల్సింది ఇదే!

జీఎస్టీ తగ్గాక చిన్న కార్ల ధరలు దిగొచ్చాయి. "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు" అని మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెంలో లెక్కలు వేసుకుంటున్న ఇళ్లు ఎన్నో. షోరూంలో అడుగుపెట్టగానే సేల్స్ కుర్రాడు పెద్ద టచ్ స్క్రీన్ చూపిస్తాడు, సన్‌రూఫ్ తెరిచి చూపిస్తాడు. మనం మాత్రం అతన్ని ఒక్కటే అడగాలి. "బాబూ, బండి దారిలో ఆగితే ఎవరొస్తారు, ఎంతసేపట్లో వస్తారు?"

హైదరాబాద్‌లో కారు మొరాయిస్తే ఆటో ఎక్కి ఇంటికెళ్లొచ్చు. ఇక్కడ అలా కుదరదు. మార్కాపురం కొత్తగా జిల్లా కేంద్రమైనా, పెద్దాసుపత్రి పనంటే ఇప్పటికీ సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని ఒంగోలుకో, ఇంకా దూరంలోని గుంటూరుకో పరుగెత్తాల్సిందే. గిద్దలూరు వాళ్లు నంద్యాల వెళ్లాలంటే నల్లమల ఘాట్ దాటాలి. దోర్నాల నుంచి శ్రీశైలం దారి కూడా అడవి మీదుగానే. సెల్ సిగ్నల్ దొరకని మలుపులో బండి ఆగితే, లోపల ఎన్ని స్పీకర్లున్నా ఏం లాభం?

జీఎస్టీతో మిగిలింది ఎంత?

2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోల్ కార్లపై పన్ను 18 శాతం. అంతకుముందు సెస్‌తో కలిపి 29 శాతం ఉండేది. పన్ను కలపకముందు 5 లక్షలున్న బండికి గతంలో 1.45 లక్షలు కడితే, ఇప్పుడు 90 వేలు. అంటే 55 వేలు మిగిలినట్టు.

చాలామంది ఈ మిగులును పై వేరియంట్‌కు పోసేస్తున్నారు. మా లెక్కలో అది తప్పు. అందులో కొంత ఎక్స్‌టెండెడ్ వారంటీకి పెట్టండి. మారుతి 2024 జూలైలో తన మామూలు వారంటీని 2 ఏళ్లు లేదా 40 వేల కిలోమీటర్ల నుంచి 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. డబ్బు కడితే 6 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల దాకా పొడిగిస్తుంది. ఏది ముందు పూర్తయితే అదే లెక్క. వారానికి రెండుసార్లు ఒంగోలు వెళ్లొచ్చే వ్యాపారికి ఏడాదికి 20 వేల కిలోమీటర్లు దాటిపోతాయి. ఆయన చూడాల్సింది ఏళ్లు కాదు, కిలోమీటర్లు.

5 స్టార్ అంటే రిపేర్ రాదని కాదు

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. 2023 అక్టోబర్‌లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ ఇచ్చే స్టార్లు, కారు గుద్దుకుంటే లోపలి మనుషులకు ఎంత రక్షణ ఉందో చెబుతాయి. అవి చూడాల్సినవే. కానీ క్లచ్ ఎన్నాళ్లు మన్నుతుందో, ఏసీ ఎప్పుడు మొండికేస్తుందో ఆ స్టార్లు చెప్పవు.

మరి బండి గట్టిదో కాదో ఎలా తెలుస్తుంది? అదే మోడల్‌ను 50 వేల కిలోమీటర్లు దాటించిన వాళ్లను మీ ఊళ్లోనే ఇద్దరు ముగ్గుర్ని పట్టుకోండి. ట్యాక్సీ డ్రైవర్ అయితే మరీ మంచిది, ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. తర్వాత మీరు నమ్మే మెకానిక్‌ను కలవండి. "ఈ బండికి పార్టులు ఇక్కడే దొరుకుతాయా, ఒంగోలు నుంచి తెప్పించాలా?" అన్నదే అడగండి. కియా కార్లు మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర తయారవుతాయి. అయినా ఏ కంపెనీ బండికైనా ఎక్కడ తయారైందన్నది కాదు, మీ ఇంటికి ఎంత దూరంలో బాగుచేస్తారన్నదే లెక్క.

అప్పుడే మార్కెట్‌లోకి దిగిన మోడల్ అయితే ఓ ఏడాది ఆగడం మేలు. లోపాలు మొదటి బ్యాచ్‌లలో బయటపడుతుంటాయి. 2022లో వచ్చిన కియా కారెన్స్‌నే తీసుకోండి. ఎయిర్‌బ్యాగ్ సాఫ్ట్‌వేర్ తనిఖీ కోసం అదే ఏడాది అక్టోబర్‌లో 44,174 బండ్లను వెనక్కి పిలిచారు. పాత మోడళ్లకూ ఇది తప్పదు. 2023 జూలైలో స్టీరింగ్ టై రాడ్ లోపంతో మారుతి 87,599 ఎస్‌ప్రెస్సో, ఈకో బండ్లను పిలిపించింది. రీకాల్ వచ్చిందంటే చెడ్డ కారని అర్థం కాదు, లోపం ఒప్పుకుని ఉచితంగా సరిచేస్తున్నారని అర్థం. ఛాసిస్ నంబర్ కొడితే మీ బండి ఆ జాబితాలో ఉందో లేదో కంపెనీ వెబ్‌సైట్‌లోనే తెలుస్తుంది.

డీజిలా, పెట్రోలా?

రోజూ ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి స్కూలుకు మాత్రమే తిరిగే వాళ్లు డీజిల్ జోలికి వెళ్లొద్దు. బీఎస్6 డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా హైవే స్పీడులో పరుగెత్తాలి. రోజూ రెండు కిలోమీటర్ల తిరుగుడైతే ఫిల్టర్ మూసుకుపోతుంది, బిల్లు గట్టిగానే పడుతుంది. గుంటూరుకో అనంతపురానికో తరచూ తిరిగే వాళ్లకు మాత్రం డీజిల్ పనికొస్తుంది.

పెట్రోల్‌లో టర్బో లేని మామూలు ఇంజిన్, మాన్యువల్ గేర్.. ఈ జోడీని మించిన మొండి బండి లేదు. ఊళ్లో మెకానిక్‌కూ ఇది తెలిసిన పనే. ఆటోమేటిక్ కావాలంటే కొనుక్కోండి, కానీ ఆ గేర్‌బాక్స్ విప్పే మనిషి ఎక్కడున్నాడో కనుక్కుని మరీ కొనండి. ఇక 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ గురించి భయం అక్కర్లేదు, కొత్త బండ్లు దానికి తగ్గట్టే వస్తున్నాయి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన సెకండ్ హ్యాండ్ కారు చూస్తుంటే మాత్రం మాన్యువల్‌లో ఏ పెట్రోల్ వాడమన్నారో చదవండి.

మన ఎండ, మన నీళ్లు

పశ్చిమ ప్రకాశం ఎండలు బండికీ పరీక్షే. వేడికి ముందు దెబ్బతినేది బ్యాటరీ, తర్వాత టైర్లు. అందుకే టెస్ట్ డ్రైవ్ సాయంత్రం చల్లబడ్డాక కాదు, మధ్యాహ్నం 2 గంటలకు నలుగుర్ని ఎక్కించుకుని, ఏసీ పెట్టి చేయండి.

ఇంకో మాట. మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్, ఉప్పులు ఎక్కువ. తాగడానికే పనికిరాని ఆ నీళ్లను రేడియేటర్‌లో పోస్తే లోపల గార కడుతుంది. కంపెనీ చెప్పిన కూలెంట్ సీసా ఒకటి డిక్కీలో ఉంచుకోండి.

డెలివరీ రోజు పూల దండ వేసే ముందు.. నిజానికి రిజిస్ట్రేషన్ కాకముందే.. బండి దగ్గరికి పగటిపూట వెళ్లండి. ఛాసిస్ నంబర్‌ను బట్టి తయారైన నెల ఏదో డీలర్‌ను రాసివ్వమనండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2325 అంటే 2025లో 23వ వారం. ఐదు టైర్లూ చూడండి, స్టెప్నీని మర్చిపోతుంటారు. ఏడాది పాత స్టాక్ అంటగడుతున్నారనిపిస్తే డిస్కౌంట్ అడగండి, లేదా వేరే బండి చూపించమనండి. నంబర్ పడ్డాక ఆ మాట అడిగినా వినేవాళ్లుండరు.