పూడిక తీశారు, గుట్ట మిగిల్చారు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులకు వానాకాలం కష్టాలు వానకు ముందే మొదలవుతాయి. కాలువలో పూడిక తీస్తారు. తీసిన బురదను గట్టునే కుప్పపోస్తారు. దానిని ఎత్తుకుపోవలసిన బండి మాత్రం రాదు. ఈలోగా ఒక వాన పడుతుంది. గుట్ట కరిగి మళ్ళీ అదే కాలువలోకి జారుతుంది. ఖర్చు రాసినది రాసినట్లే ఉంటుంది, కాలువ నిండినది నిండినట్లే ఉంటుంది. ఏటా జరిగే ఈ తంతుతో సందుల్లోని జనం విసిగిపోయారు.

పెద్ద రోడ్ల సంగతి వేరు. నారాయణగూడ చౌరస్తాలోనో, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోనో నీరు నిలిస్తే బస్సులు ఆగిపోతాయి, పత్రికల్లో ఫొటోలు పడతాయి. కాబట్టి సిబ్బంది పరుగున వస్తారు. త్యాగరాయ గానసభ వెనకా ముందూ ఉన్న సందుల్లోనో, అశోక్‌నగర్ లోపలి వీధుల్లోనో మోకాలిలోతు నీరు నిలిస్తే చూసేదెవరు? ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ వరకు సుమారు 450 కోట్ల రూపాయలతో కట్టిన ఉక్కు వంతెన 2023 ఆగస్టులో ప్రారంభమయింది. పైన కార్లు హాయిగా సాగిపోతున్నాయి. మంచిదే. కిందనున్న సందులో ముసలమ్మ గుడికి వెళ్ళాలంటే బురదగుట్ట చుట్టూ గోడ పట్టుకుని నడవవలసి వస్తున్నది.

ఈ పేటలకు నీటి భయం కొత్తది కాదు. హుస్సేన్‌సాగర్ అలుగు నుంచి బయలుదేరే నాలా దోమలగూడ, అశోక్‌నగర్, హిమాయత్‌నగర్‌ల పక్కగా నల్లకుంట, అంబర్‌పేటల మీదుగా మూసీలో కలుస్తుంది. 2000 ఆగస్టు 24న నగరంలో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు, 2020 అక్టోబరులో ఒక్కరోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా కురిసినప్పుడు లోతట్టు పేటలు ఏమయినాయో అందరికీ గుర్తే. అటువంటి కుండపోతను ఏ కాలువా మోయలేదని వాదించవచ్చు. కాని ఇక్కడ నీరు నిలవడానికి కుండపోత అక్కరలేదు. సందులోని చిన్న కాలువ పూడిపోయి ఉంటే గంటసేపు కురిసిన మామూలు వాన చాలు.

అసలు చిక్కు ఎక్కడుంది? పచ్చి బురదను వెంటనే లారీకెత్తితే దారిపొడవునా కారుతుంది. కొంత ఆరాలి. ఇది ఒప్పుకోవలసిన మాటే. అయితే ఒకటి రెండు రోజులు ఆరవలసినది పది రోజులు ఎందుకు పడి ఉంటున్నది? లారీ ఇరుకు సందులోకి రాదన్నది రెండో సాకు. చెత్త ఆటో రోజూ వచ్చే సందులోకి మట్టి ఎత్తే చిన్న బండి రాలేదా? పైగా మురుగు పైపులు జలమండలివి, వాననీటి కాలువలు నగరపాలక సంస్థవి. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా కూడా వానాకాలపు పనుల్లో దిగుతున్నది. ముగ్గురు పెద్దలున్న ఇంట్లో పొయ్యి వెలిగించే బాధ్యత ఎవరిదో తెలియనట్లు, ఇంటిముందు గుట్ట ఎవరిదో తెలియక జనం తలలు పట్టుకుంటున్నారు.

సందుల మీద ఈ చిన్నచూపు మన ఊరికే పరిమితం కాదు. మంచు కురిసే దేశాల్లో స్థిరపడిన మన పిల్లలు ఫోనులో చెప్పుకునే గోడు కూడా ఇదే. అక్కడ మంచు తోసే యంత్రం మొదట పెద్ద రోడ్లనే శుభ్రం చేస్తుంది. పక్కవీధికి ఎప్పటికో వచ్చి, తోసిన మంచును ఇళ్ళ వాకిళ్ళకు అడ్డంగా పోసి పోతుంది. 1969 ఫిబ్రవరిలో న్యూయార్కులో 15 అంగుళాల మంచు పడినప్పుడు క్వీన్స్ ప్రాంతపు వీధులను రోజుల తరబడి పట్టించుకోలేదు. చూడవచ్చిన మేయర్ లిండ్సేను జనం ఎగతాళి చేసి పంపారు. 1979లో షికాగో మేయర్ బిలాండిక్ మంచు ఎత్తించలేక పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోయాడు. మంచు ఎండకు కరిగిపోతుంది. మన పూడిక కరిగితే కాలువలోకే పోతుంది.

ఇది అసౌకర్యంతో పోయేది కాదు, ప్రాణాలతో ముడిపడిన విషయం. 2023 ఏప్రిల్‌లో సికిందరాబాదు కళాసిగూడలో పాల కోసం బయలుదేరిన ఒక చిన్నారి వాననీటిలో కనిపించని కాలువలో పడి చనిపోయింది. 2024 జూలైలో ఢిల్లీ రాజేంద్రనగర్‌లో ఒక శిక్షణ కేంద్రం సెల్లారులోకి వాననీరు చొరబడి ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. అశోక్‌నగర్ కూడా అటువంటి విద్యార్థుల పేటే. ఉద్యోగ పరీక్షల కోసం పల్లెల నుంచి వచ్చిన వేలాది యువతీయువకులు ఇక్కడి ఇరుకు గదుల్లో ఉంటూ, నగర కేంద్ర గ్రంథాలయంలో చదువుకుని రాత్రిపూట ఈ సందుల్లోనే నడిచిపోతుంటారు. బురదగుట్ట పక్కన నీరు నిలిచినప్పుడు దానికింద మూత ఉన్నదో లేదో వారికెలా తెలుస్తుంది?

పౌరుల తప్పు లేదనడం న్యాయం కాదు. ఇల్లు కట్టిన ఇటుక ముక్కలు కాలువలో పోసేవారున్నారు. వాకిలి ముందు కాలువ మీద సిమెంటు ర్యాంపు వేసి పార దూరకుండా చేసినవారున్నారు. ఫలహారం బండ్ల ఎంగిలాకులు, ప్లాస్టిక్ సంచులు చేరేదీ అక్కడికే. కాలనీ సంఘాలు ముందు తమ వాకిళ్ళు సరిచూసుకుంటేనే అధికారులను గట్టిగా అడగగలవు.

అడగవలసినవి గొంతెమ్మ కోరికలేమీ కావు. ఏ సందులో ఏ తేదీన పూడిక తీస్తారో ముందుగా బోర్డు పెట్టాలి. తీసిన మట్టిని రెండు రోజుల్లో చిన్న వాహనాలతో తరలించాలి. అంతవరకు గుట్ట చుట్టూ అడ్డుకట్ట, రాత్రి దీపం ఉండాలి. మట్టి పోయిందని ఆ వీధివారు సంతకం పెట్టిన తరువాతే కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించాలి. ఈ చివరిది ఒక్కటి అమలయితే మిగిలిన మూడూ వాటంతటవే జరుగుతాయి.

కాలువలోనుంచి బురద పైకి వచ్చినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. అది వీధి దాటి వెళ్ళిన రోజే పూడిక తీసినట్లు లెక్క. వచ్చే వానకు ముందే అధికారులు ఈ లెక్క సరిచేయాలని మూడు పేటల ప్రజలు కోరుతున్నారు.