పరికరం కంటే ముందు విద్యుత్తు

భూసార పరీక్షా కేంద్రానికి లక్షల రూపాయల విలువైన అటామిక్ అబ్జార్ప్షన్ స్పెక్ట్రోఫోటోమీటరు కొనేటప్పుడు, అంచనాలో స్టెబిలైజరు, ఎర్తింగు చివరి పంక్తులుగానే మిగిలిపోతున్నాయి. ఈ క్రమం మారవలసి ఉంది.

గ్రామీణ ఫీడర్లపై వ్యవసాయ మోటార్లు నడిచినప్పుడు వోల్టేజి పడిపోతుంది. అవి ఒక్కసారిగా ఆగితే పెరుగుతుంది. 230 వోల్టులకు రూపొందించిన పరికరం కాలిపోతే నష్టం కంటికి కనిపిస్తుంది. లోపలి నియంత్రణ హద్దు దాటి రీడింగు చలిస్తే మాత్రం, తప్పు అంకె ఎవరి దృష్టికీ రాకుండా భూసార పత్రానికి ఎక్కుతుంది. డి.టి.పి.ఎ. ద్రావణంతో సంగ్రహించిన జింకు 0.6 పి.పి.యం. కంటే తక్కువైతే లోపంగా పరిగణిస్తారు. వరి రైతు ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలా వద్దా అన్నది 0.5, 0.7 ల మధ్య తేడాతోనే తేలిపోతుంది.

సర్వో స్టెబిలైజరు వోల్టేజిని సరిదిద్దుతుందే కాని, కరెంటు పోతే ఆదుకోలేదు. అందువల్ల దాని తరువాత ఆన్‌లైన్ యు.పి.ఎస్. ఉండాలి. ఓవెన్లు, మఫిల్ ఫర్నేసులను ఆ లైనుకు కలపరాదు. నేల ఎండితే ఎర్త్ నిరోధం పెరుగుతుందన్నది మృత్తికా శాస్త్రజ్ఞులకు తెలియనిది కాదు. కనుక ఏటా వేసవిలో ఎర్తింగును పరీక్షించాలి.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ప్రామాణిక ద్రావణాన్ని మళ్లీ పరీక్షించి, ఆ సమయాన్ని రిజిస్టరులో నమోదు చేయడం విద్యార్థులు అలవరచుకోవాలి. విద్యుత్ రక్షణ వ్యయాన్ని పరికరం ధరలో భాగంగానే మంజూరు చేయాలి. విస్తరణ శాస్త్రవేత్త రైతుకిచ్చే సలహా ఆ అంకెపైనే నిలుస్తుంది.