మన విహారయాత్ర ములుగు వైపు సాగాలి

విహారయాత్ర అనగానే మన విద్యార్థుల మనస్సులలో మెదిలే పేర్లు ఊటీ, మైసూరు, గోవా. చందాలు పోగుచేసుకొని, రాత్రంతా బస్సులో పాటలు పాడుకుంటూ వెళ్ళి, ఛాయాచిత్రాలతో తిరిగిరావడం ఆనవాయితీ అయింది. ఆ ఆనందాన్ని నేను కాదనను. కాని సికింద్రాబాదుకు సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ములుగు సీమను మనలో ఎందరు చూశారు?

2019లో ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన ఈ అటవీప్రాంతంలో, పాలంపేట గ్రామాన, కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఒక ఆలయాన్ని నిర్మింపజేశాడు. దానిని లోకం రామప్పగుడి అంటుంది. అది శిల్పి పేరని ప్రతీతి. నల్లరాతిలో మలచిన నర్తకీమూర్తులు, ఇసుకతో నింపిన పునాది, నీటిపై తేలేటంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం చూపరులను ఆశ్చర్యపరుస్తాయి. 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. చేరువలోని కాకతీయుల నాటి చెరువు నేటికీ పొలాలను తడుపుతున్నది. కళ, విజ్ఞానం, వ్యవసాయం ఒకేచోట చెప్పే ఇటువంటి పాఠం ఏ తరగతి గదిలో లభిస్తుంది?

"అది దేవాలయం కదా, అన్ని మతాల విద్యార్థులున్న కళాశాలకు తగునా?" అని కొందరు సందేహించవచ్చు. సమాధానం చరిత్రలోనే ఉంది. నిజాం ప్రభుత్వం 1914లో నెలకొల్పిన పురావస్తు శాఖకు తొలి సంచాలకుడు గులాం యాజ్దానీ. ఢిల్లీలో జన్మించిన ఆ పండితుడు పాలంపేట ఆలయాలను పరిశీలించి, వాటిపై రచించిన గ్రంథం 1922లో వెలువడింది. అజంతా చిత్రాల పరిరక్షణకూ ఆయన ఎనలేని కృషి చేశారు. ఈ శిల్పం తనది కాదని ఆయన అనుకోలేదు. శ్రద్ధతో చూచినవానిదే వారసత్వం. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదువుకునే మనకు ఇంతకన్న ఆదర్శం ఏమి కావాలి?

ఆ ఆలయం రాజ్యవైభవానికి గుర్తు. అదే జిల్లాలోని మేడారం చరిత్రకు మరొక ముఖాన్ని చూపుతుంది. పన్ను కట్టలేమన్న కోయలపైకి కాకతీయ సేనలు దండెత్తగా, సమ్మక్క, సారలమ్మ అనే తల్లీకూతుళ్ళు ఎదిరించి పోరాడారని జనశ్రుతి. రెండేండ్లకొకసారి మాఘమాసంలో అక్కడ జరిగే జాతరకు లక్షలాది జనం తరలివస్తారు. అక్కడ విగ్రహాలు లేవు, గద్దెలు మాత్రమే. భక్తులు సమర్పించే బెల్లానికే 'బంగారం' అని పేరు. రాజు కట్టినదానిని, రాజును ఎదిరించినవారిని ఒకే యాత్రలో చూచిన విద్యార్థి చరిత్రను ఇక ఒక కంటితో చదవడు.

ప్రకృతి శోభకూ కొదువ లేదు. కొండల నడుమ లక్నవరం సరస్సు, దానిపై వేలాడే వంతెన, వాజేడు అడవిలో బొగత జలపాతం కనులపండువు చేస్తాయి. అయితే ఒక హెచ్చరిక. వరద ఉధృతంగా ఉన్నప్పుడు జలపాతంలో దిగడం సాహసం కాదు, అవివేకం. వానలు తగ్గిన పిదప వెళ్ళి, ఒడ్డున నిలిచి చూడడమే మేలు. కోయగూడెం కూడా ప్రదర్శనశాల కాదు. అనుమతి లేకుండా ఎవరి ముంగిటా ఛాయాచిత్రం తీయరాదు. మనం తీసుకువెళ్ళిన ప్లాస్టిక్ సంచులు మనతోనే తిరిగి రావాలి. అతిథిగా మెలగడం తెలియనివానికి యాత్రాఫలం దక్కదు.

కళాశాల కార్యవర్గానికి నా విన్నపమిది. రానున్న విద్యాసంవత్సరంలో రెండు దినముల యాత్రను ములుగుకు ఏర్పాటు చేయండి. కాజీపేట వరకు రైలు, హనుమకొండ నుండి బస్సు ఉన్నాయి. దూరప్రయాణమంత వ్యయం కాదు. తల్లిదండ్రులు సంకోచించకుండా విద్యార్థినుల వెంట అధ్యాపికలను పంపండి. ఉర్దూ విద్యార్థి ఒకరు, తెలుగు విద్యార్థి ఒకరు జంటగా తిరిగి, చూచినదానిని ఎవరి భాషలో వారు వ్రాయాలి. ఆ రెండు వ్యాసాలూ మన వార్షిక సంచికలో ప్రక్కప్రక్కనే అచ్చు కావాలి. ఛాయాచిత్రాలు వెలిసిపోయినా ఆ వ్రాతలు నిలుస్తాయి.