జాకెట్టు కొలత బ్రాకు పనికిరాదు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. సాయంత్రమయ్యేసరికి మెడ, భుజాలు ఒకటే లాగుతాయి. బ్రా పట్టీలు దిగి భుజాల మీద గుంటలు పడ్డాయి. వేసవిలో రొమ్ముల కింద ఒరిసిపోయి దురద. షాపులో అమ్మేది మగవాళ్లు. సిగ్గుపడి జాకెట్టు సైజు 36 అని చెప్పి, ఇచ్చింది తెచ్చుకుంటాను. బ్రా వల్ల క్యాన్సర్ వస్తుందని పక్కింటావిడ అన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. మా వారితో కూడా చెప్పుకోలేక మీకు వ్రాస్తున్నాను.
— ఒక సోదరి, జహీరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ భయం వదిలెయ్యండి. బ్రాకూ క్యాన్సర్‌కూ సంబంధం లేదు. 2014లో అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు ముట్లుడిగిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ వచ్చినవారినీ, రానివారినీ పోల్చి చూశారు. రోజుకెన్ని గంటలు వేసుకున్నారు, ఏ వయసులో మొదలుపెట్టారు, లోపల తీగ ఉన్నదా అని అడిగారు. దేనికీ జబ్బుతో సంబంధం కనబడలేదు.

మీ బాధంతా ఆ 36 దగ్గరే ఉన్నట్లు తోస్తున్నది. దర్జీ జాకెట్టుకు కొలిచేది ఛాతీ నిండుగా ఉన్నచోట. బ్రా సైజుకు ముందు కావలసింది రొమ్ముల కింది చుట్టుకొలత. బరువు మోయవలసింది ఆ కింది పట్టీయే. అది వదులైతే వీపు మీద పైకి జరుగుతుంది, బరువు భుజాల మీద పడుతుంది. అప్పుడు మనమేం చేస్తాం? భుజం పట్టీలు ఇంకా బిగిస్తాం! గుంటలు పడక ఏమవుతుంది?

ఇంట్లో టేపు ఉంటే చాలు. ఊపిరి వదిలి, రొమ్ముల కింద కాస్త బిగువుగా కొలవండి. తర్వాత నిండుగా ఉన్నచోట, నొక్కకుండా కొలవండి. కింద 32, పైన 35 అంగుళాలు వచ్చాయనుకోండి. తేడా ఒక అంగుళమైతే ఎ కప్పు, రెండైతే బి, మూడైతే సి. అంటే 32 సి. అది దొరక్కపోతే 34 బి వేసి చూడవచ్చు. 36 మాత్రం వద్దు. కొన్ని కంపెనీల లెక్క వేరుగా ఉంటుంది, పెట్టె మీది పట్టిక కూడా చూడండి.

కొత్తది అన్నిటికన్నా వదులు హుక్కుకే సరిపోవాలి. సాగిన తర్వాత లోపలి హుక్కులు పనికివస్తాయి. చేతులెత్తితే కింది అంచు పైకి లేవకూడదు. రొమ్ము కప్పు మీదికి పొంగితే కప్పు చిన్నదన్నమాట.

సిగ్గయితే సైజు చీటీ మీద వ్రాసి ఇవ్వండి. దర్జీకి కొలతలివ్వడానికి లేని సిగ్గు ఇక్కడ ఎందుకో నాకు అర్థం కాదు! మీ ఊళ్లో ఆ సైజు లేకపోతే హైదరాబాద్ వెళ్లినప్పుడు అమ్మాయిలు అమ్మే షాపులో వేసుకు చూసి కొనండి.

దురదకు: నూలువి వాడండి, చెమట పట్టినది మార్చండి, రాత్రి తీసెయ్యండి, స్నానమయ్యాక రొమ్ముల కింద పొడిగా తుడవండి. ఎరుపు తగ్గకపోతే తామర కావచ్చు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంటు పూయవద్దు, అది ముదురుతుంది. డాక్టరుకు చూపించండి.

గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చర్మం లోపలికి లాగినట్లున్నా బ్రా సంగతి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అవేవీ లేకపోతే కొత్త సైజు నెల రోజులు వాడి, భుజాల నొప్పి ఎలా ఉన్నదో వ్రాయండి.